కోకిల తీసిన నలభై రీడింగులు

జూలై 3, బుధవారం

తెలుగులోనే రాసుకుంటున్నాను. మా కాలేజీలో చదివేది తమిళం, లేకపోతే ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు కూడా ఈ అక్షరాలు చూస్తే జిలేబీలని నవ్వుతారు. మంచిదే. ఈ నోటుబుక్కు టేబుల్ మీద మరిచిపోయినా భయం లేదు.

మధ్యాహ్నం మా ఫిజిక్స్ హెడ్ శశికుమార్ సార్ ఒక కాగితం తెచ్చి నా ముందర పెట్టినారు. తిరుత్తణిలో ఒక స్కూలువాళ్ళు పంపినది. కోకిల అక్కడ ల్యాబ్ అసిస్టెంట్ పనికి అర్జీ పెట్టిందట. మా దగ్గర ఆరేళ్ళు చేసింది కదా, పని ఎట్లా ఉండేది, నమ్మకమైన మనిషేనా అని అడుగుతున్నారు. కింద "వీలైనంత త్వరగా" అని ఉంది.

"మీరే రాయండి మేడం. మార్చి మీటింగులో మాట్లాడింది కూడా మీరే కదా."

"చూసి చెప్తాను సార్."

"చూసేదేముంది? మంచిది అనో, కాదు అనో ఒక లైను. థీసిస్ వద్దు మేడం."

ఆయన నవ్వినారు. నేనూ నవ్వాను. కాగితం బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఉన్నది ఉన్నట్టు రాయాలి. దానికి ముందు ఉన్నదేమిటో తేల్చుకోవాలి. అంతే.

జూలై 4, గురువారం

బీరువా మీది అట్టపెట్టె దించాను, నాలుగు నెలల తర్వాత. మేం చేసిన బొమ్మ హెలికాప్టర్లు మూడు మిగిలాయి. రెండింటికి రెక్కల మీది పల్చటి ప్లాస్టిక్ కవరు చిరిగింది. ఏడో నంబరు మాత్రం నిక్షేపంగా ఉంది. బాల్సా అనే తేలిక చెక్క పుల్ల, పైన ఒక జత రెక్కలు, కింద ఒక జత, మధ్యలో రబ్బరు. రబ్బరుకు పూసిన ఆముదం వాసన ఇంకా పోలేదు. రబ్బరును ఏడువందల చుట్లు మెలిపెట్టి వదిలితే రెండు జతలూ ఎదురెదురుగా తిరిగి గదిలోనే పైకి లేస్తుంది. బరువు నాలుగు గ్రాముల ఆరు. ఒక పోస్టు కవరంత కూడా లేదు.

ప్రతి శనివారం క్లాసులయ్యాక కోకిలా నేనూ చేసిన పని ఇదే. ఆరేళ్ళు. పేర్లన్నీ ఆమే పెట్టేది. సర్రున పైకి పోయి దబ్బున పడేదాని పేరు ప్రిన్సిపాలు. బాగా తిరిగి, చప్పుడు చేసి, లేవకుండా ఉండేది శశికుమార్ సార్. ఏడో నంబరు మాత్రం "పెద్దపిల్ల". "పెద్దపిల్లని మెల్లగా పట్టుకో అక్కా, దానికి రోషం ఎక్కువ" అనేది. నలుగురిలో నేను మేడంని, ల్యాబ్ తలుపు వేస్తే అక్కని.

రెక్కలు ఎంత బరువును ఎత్తగలవో కొలవడం దగ్గర తేడా వచ్చింది. నేను తీసిన పన్నెండు రీడింగుల సగటు అయిదు గ్రాములు. ఆమె తన ఇంట్లో తీసిన నలభై రీడింగుల సగటు ఆరు గ్రాముల రెండు. ఒకే హెలికాప్టరు, ఒకే రబ్బరు. రెండూ నిజం కావడానికి వీల్లేదు.

మార్చి మీటింగులో నేనన్నది ఇంతే: ఈ అంకెలు ఇంకోసారి చూసుకుంటే బాగుంటుందని. మేలో ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. అలాంటివాటికి వంద కారణాలుంటాయి.

జూలై 6, శనివారం

ల్యాబ్ నుంచి నగల త్రాసు ఇంటికి తెచ్చుకున్నాను. ఎలుమలై అటెండరు రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటూ, "ఏం మేడం, బంగారం కొంటున్నారా, శుభవార్తా?" అన్నాడు. నలభై నాలుగేళ్ళ మనిషి త్రాసు పట్టుకుపోతుంటే జనానికి తోచేది ఇదే.

త్రాసు పళ్లెంలో యాభై గ్రాముల గుండు. దానికి జానెడు దారం. దారానికి పైన పెద్దపిల్ల. వదలగానే అది పైకి లాగుతుంది, పళ్లెం మీది బరువు తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి దాని సొంత బరువు కలిపితే రెక్కల బలం తెలుస్తుంది. దారం ఎక్కువ పెడితే ఊగుతుంది, అందుకే జానెడు.

4.9, 5.1, 5.0, 5.0.

చూశావా.

జూలై 7, ఆదివారం

4.9, 5.0, 5.1. రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదని పాలు పొంగినప్పుడు అయ్యో అన్నాక తెలిసింది.

జూలై 9, మంగళవారం

కోకిల నోటుబుక్కు తీసి చూశాను. నలభై రీడింగులు, ఒకే నీలం పెన్ను. ఒక్క కొట్టివేత లేదు. గడులు స్కేలు పెట్టి గీసినవి. మొదటి రోజుదీ ఇరవయ్యో రోజుదీ ఒకే చేతి బిగువుతో రాసినట్టున్నాయి. నిజంగా కొలిచే మనిషి పేజీ ఇట్లా ఉండదు. తడబాటు ఉంటుంది, మసి ఉంటుంది, నూనె మరక ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా పిల్లల రికార్డులు దిద్దుతున్నాను. ప్రయోగం చేయకుండా కూర్చుని రాసిన అంకెల మొహం నాకు తెలుసు.

ఈ అంకెలు నమ్మేటట్టు లేవని అన్నాను మీటింగులో. అది అంకెల గురించి. మనిషి గురించి కాదు.

జూలై 12, శుక్రవారం

కారిడార్‌లో శశికుమార్ సార్. "తిరుత్తణి కాగితం ఏమైంది మేడం?"

"ఇంకొన్ని రీడింగులు ఉన్నాయి సార్."

"ఏం రీడింగులు?"

ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. చెప్పడానికి నోరు తెరిచాను. బెల్లు కొట్టింది.

నెలాఖరు దాకా టైముంటుంది. స్కూళ్ళలో ఏ పనీ నెలాఖరులోపు కాదు.

జూలై 14, ఆదివారం

ముందు జరిగినది జరిగినట్టు రాసుకుంటాను.

పొద్దున ఎనిమిదిన్నరకు దారం తెగింది. కుట్టుమిషను రీలులోంచి కొత్త దారం తీసి కట్టాను. కత్తెర కనపడక పొడుగ్గానే వదిలేశాను, మూరెడు పైన ఉంటుంది. కిటికీలు వేశాను గనుక ఊగలేదు. 5.6. రబ్బరు వేడెక్కిందేమో అనుకుని పది నిమిషాలు ఆగాను. 5.7.

మళ్ళీ జానెడు దారం కట్టాను. 5.0.

రెక్కలు తిరుగుతుండగా చెయ్యి పళ్లెం మీద పెట్టాను, ఎందుకో తెలియదు. అరచేతికి గాలి తగిలింది. చల్లగా, నిలకడగా. రెక్కలు కిందికి తోసే గాలి సరిగ్గా పళ్లెం మీదనే పడుతోంది. పైనుంచి పెద్దపిల్ల ఎత్తుతోంది, కింద దాని గాలే పళ్లేన్ని నొక్కుతోంది. నేను తీసిన ప్రతి రీడింగులోనూ ఒకళ్ళు ఎత్తుతుంటే ఇంకొకళ్ళు దాని మీదెక్కి కూర్చుని ఉన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో, ల్యాబ్‌లో, ఆమె చీపురు పట్టుకుని నిలబడి చూస్తూ అడిగింది. "అక్కా, ఆ గాలి యాడికి పోతాది?"

"అది లెక్కలోకి రాదులే" అన్నాను. తలెత్తి చూసినట్టు కూడా లేను.

నోటుబుక్కు మళ్ళీ తీశాను. ఈసారి మొదటి పేజీ. ఇన్నాళ్ళూ అంకెల పేజీలే చూశాను. మొదటి పేజీలో తమిళంలో, ఏర్పాటు ఎట్లా చేసిందో ఆరు లైన్లు. త్రాసు కింద. దాని మీదుగా కాళ్ళున్న పీట. పీటకు నడిమధ్యన బొక్క. బొక్కలోంచి దారం. హెలికాప్టరు పీటకు పైన. "గాలి పీట మీద పడుతుంది, త్రాసు మీద పడదు" అని రాసి కింద గీత కూడా గీసింది.

అట్టముక్కకు బొక్క పెట్టి, త్రాసుకు రెండు పక్కలా పుస్తకాలు పేర్చి, వాటి మీద ఆనించాను. 6.1. 6.2. 6.2.

మధ్యాహ్నం మింజూరు నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. ఆదివారం ఫోను. ఏం చేస్తున్నావంటే బట్టలు మడతపెడుతున్నానని చెప్పాను.

జూలై 15, సోమవారం

ఒక్క పూట రీడింగు రీడింగు కాదు. అట్టముక్క వంగి దారాన్ని ఒరుసుకుని ఉండొచ్చు. నేను ఆమెకు మేలు జరగాలని కోరుకుంటున్నాను కాబట్టి నా కన్ను అటువైపే మొగ్గి ఉండొచ్చు. పక్షపాతంతో మంచి మాట రాయడం కూడా అబద్ధమే.

తేలాలంటే ఒకటే దారి. దానికి ఒక గ్రాము బరువు అంటించి ఎగరేయాలి. నా లెక్క ప్రకారం అది లేవకూడదు. ఆమె లెక్క ప్రకారం లేవాలి. కానీ నేల దగ్గర గాలి ఎదురుతన్ని కాస్త సాయం చేస్తుంది, అందుకని అడుగు రెండడుగులు లేచినా చాలదు. బాగా పైదాకా పోవాలి. ల్యాబ్ కప్పు పదడుగులే, ఫాన్లు కూడా. ఎత్తయిన హాలు కావాలి.

మార్చిలో నేను "ఇవి తీసినట్టు లేవు" అన్నాను. అన్నాననుకుంటాను.

కాగితం ఇంకా బ్యాగులోనే ఉంది.

జూలై 17, బుధవారం

సెలవు. ఈరోజు నుంచి ఆడి నెల. మన ఆషాఢంలాగే పెళ్ళిళ్ళు ఉండవు. కల్యాణమండపాలన్నీ ఈ నెలంతా తాళాలు వేసుకుని ఉంటాయి. పాతికడుగుల కప్పు, గాలి కదలని హాలు! ఇంతకాలం ఎందుకు తట్టలేదు?

మా తిరువళ్ళూరులో అయితే పిల్లల తల్లిదండ్రులు ఎవరో ఒకరు చూస్తారు. తిరుత్తణి మేలు. కోకిల ఉండే ఊరని కాదు.

జూలై 20, శనివారం

తిరుత్తణి స్టేషన్ దిగి రెండు మండపాలు తిరిగాను. మొదటిదాంట్లో వాచ్‌మన్ నన్ను పైనుంచి కిందికి చూసి మేనేజరు లేడన్నాడు. రెండోదాంట్లో మేనేజరు తణికైవేల్, నుదుటి నిండా విభూతి, కుర్చీలోంచి లేచి మరీ పలకరించినాడు.

"రండి మేడం, రండి. పెళ్ళి ఎవరికి?"

"పెళ్ళి కాదండి."

"నిశ్చయమా? సీమంతమా?"

"హెలికాప్టరు."

ఆయన కూర్చున్నాడు. పెట్టె మూత తీసి చూపించాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసినాడు. "ఇది పెళ్ళికొడుకు మీద పూలు చల్లేదానికా? డ్రోనువాళ్ళు వేరే వస్తారు మేడం."

"కాదండి, ఇది రబ్బరుతో పోతుంది. ఎంత బరువు మోస్తుందో చూడాలి. మూడు గంటలు చాలు. ఆడి కదా, ఖాళీగానే ఉంటుందని వచ్చాను."

ఆయన పెద్దగా నవ్వినాడు. లోపల అంట్లు తోముతున్న ముసలామెను కేకేసినాడు. "కృష్ణమ్మా! మేడం ఆడిలో మన మండపం ఖాళీ అంటా ఉంది!" మళ్ళీ నాతో, "అది తిరువళ్ళూరు లెక్క మేడం. ఇది తిరుత్తణి. పెళ్ళిళ్ళు ఉండవు సరే, మురుగన్ ఊరుకుంటాడా? ఆడి కృత్తికకి నాలుగు దినాలు ఇక్కడ మూడొందల మంది పండుకుంటారు. ఒక్కొక్కరికి ఒక కావడి. మీ హెలికాప్టరు దిగేదానికి కూడా చోటుండదు."

ఈ జిల్లాలోనే పుట్టాను. ప్రతి ఏడూ ఆడి కృత్తికకు మా కాలేజీ ముందరే కావడులు పోతుంటే చూస్తాను. అయినా ఆడి అంటే ఖాళీ అనే లెక్క వేసుకుని వచ్చాను. నాకు తెలిసినదాన్ని కాస్త తలతిప్పి చూసుకోవడం నాకు ఎందుకు రాదో.

నా మొహం చూసి జాలిపడినట్టున్నాడు. "రేపు పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా తీసుకోండి. పన్నెండుకి నీళ్ళ డ్రమ్ములు వస్తాయి. సరేనా?"

స్టేషన్‌కు తిరిగి వస్తూ కోకిల అద్దె ఇల్లున్న వీధి దాటాను. లోపలికి తిరగలేదు. తిరగాల్సిన పని కూడా లేదు.

జూలై 21, ఆదివారం

ఆరున్నర ట్రైను. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

తణికైవేల్ ఫాన్లు ఆపించి, తలుపులు మూయించి, టిఫినుకు పోయినాడు. హాల్లో కృష్ణమ్మ, నేను. ఆమె పెళ్ళివేదిక మెట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"దీనికి బ్యాటరీ యాడమ్మా?"

"బ్యాటరీ లేదమ్మా. ఈ రబ్బరే."

"రబ్బరుతో పైకి పోతాదా? మా కాలంలో రబ్బరు జడకి వేసుకుంటా ఉంటిమి."

ముందు ఊరికే వదిలాను. కప్పు దాకా పోయి, కాసేపు అక్కడే గీరుకుని, రెక్కలు వదులుగా తిప్పుకుంటూ దిగింది. తర్వాత బొమ్మల మట్టి ఒక గ్రాము తూచి, పుల్ల అడుగున అంటించాను. ఏడువందల చుట్లు. చేతులు చెమటపడితే రెండుసార్లు లెక్క తప్పి మొదటినుంచి చుట్టాను.

వదిలాను.

లేచింది. తడబడలేదు. నా తల దాటింది, ట్యూబులైట్లు దాటింది, ఆడపెళ్ళివాళ్ళు కూర్చునే పై వరండా కటకటాలు దాటింది. వాచీ చూడడం మరిచిపోయాను. మళ్ళీ చుట్టి వదిలాను. మళ్ళీ. మూడుసార్లూ పోయింది.

గ్రామున్నర అంటించాను. ఈసారి మెల్లగా లేచి, పన్నెండడుగుల ఎత్తులో ఇక పైకీ పోలేక కిందికీ రాక అక్కడే నిలబడిపోయింది. ఆరు గ్రాముల రెండు ఎత్తే రెక్కలు, ఆరు గ్రాముల ఒకటి బరువు. అలాగే నిలబడాలి. కోకిల నోటుబుక్కు ఏం చెప్పిందో అదే అక్కడ గాలిలో నిలబడి ఉంది.

"ఏమ్మా, పైకి పోయింది కదా?" అంది కృష్ణమ్మ. "పోకూడదని మొక్కుకున్నావా ఏంది, మొహం అట్ల పెట్టుకున్నావు?"

ఆమె లేచి వచ్చి, దిగుతున్నదాన్ని కొంగు చాపి పట్టుకుంది.

పన్నెండన్నది పదకొండుకే మొదటి నీళ్ళ డ్రమ్ము వచ్చింది.

జూలై 22, సోమవారం

పొద్దున ఫస్టు అవర్ ఖాళీ. జవాబు ఇంగ్లీషులో రాశాను. ఆరేళ్ళూ ఆమె రీడింగులు నమ్మదగినవని, ఒక సందర్భంలో తప్పు కొలత నాదని, ఆమెది సరైనదని. సంతకం పెట్టి స్కూలుకు మెయిల్ చేసి, కాపీ శశికుమార్ సార్‌కు ఇచ్చాను.

చదివి, చదివి, అద్దాలు తీసినారు. "మొదటి పేరా చాలు కదా మేడం. ఈ రెండోది ఎందుకు? మీ తప్పు అని మీరే రాసుకోవడం. కాలేజీ లెటర్‌హెడ్ మీద."

"మార్చిలో మీటింగులో చెప్పాను కదా సార్."

"అది ఎవరికి గుర్తుంటుంది?"

నాకు గుర్తుంది. ఇక్కడైనా రాసుకుంటాను, ఈ అక్షరాలు ఎవరూ చదవరు కదా. నేను "మళ్ళీ చూసుకుంటే బాగుంటుంది" అనలేదు. "నమ్మేటట్టు లేవు" అనలేదు. అన్నది ఇది: "ఇవి తీసిన రీడింగులు కావు సార్, కూర్చుని రాసినవి. నాలుగున్నర ట్రైను చూసుకుని పరుగెత్తేవాళ్ళతో రీసెర్చి చేయిస్తే ఇట్లాగే ఉంటుంది."

ఎనిమిది మంది ఉన్నారు. నవ్వినారు. ఆ నవ్వు నాకు బాగుంది.

జూలై 24, బుధవారం

స్కూలుకు ఫోన్ చేశాను, మెయిల్ అందిందా అని. ఆఫీసులో ఒక అమ్మాయి.

"ల్యాబ్ పోస్టా మేడం? అది అయిపోయింది. పదహారో తేదీ దాకా చూసినాం. మీ కాలేజీ నుంచి ఏం రాలేదు. సరి, ఏదో ఉంది అందుకే రాయలేదు అనుకుని వేరేవాళ్ళని తీసుకున్నాం."

పదహారు. నేను పద్నాలుగున గాలి తగిలిన చేతితో కూర్చుని ఉన్నాను. పదిహేనున పక్షపాతం గురించి రాసుకున్నాను.

ఫోన్ పెట్టేశాక ఈ నోటుబుక్కులో ఆ రెండు పేజీలూ చదివాను. చక్కటి వాక్యాలు.

జూలై 29, సోమవారం

ఆడి కృత్తిక. తిరుత్తణి పోయే ట్రైన్లన్నీ పసుపు బట్టలే. వాళ్ళ పాటలు దూరం దాకా వినిపించాయి. క్లాసులో పదకొండు మంది.

ఆగస్టు 1, గురువారం

కోకిలకు ఫోన్ చేశాను. నాలుగోసారికి తీసింది. తిరుత్తణి ఇల్లు ఖాళీ చేసిందట. అత్తిమంజేరిపేటలో వాళ్ళమ్మ దగ్గర ఉంది. మామ మగ్గాల షెడ్డులో పని.

"ఆదివారం రానా?"

"మీ ఇష్టం మేడం."

ఆగస్టు 4, ఆదివారం

తిరుత్తణిలో దిగి పళ్ళిపట్టు బస్సు ఎక్కాను. వీధి మొదట్లోనే పవర్‌లూముల చప్పుడు. ఇంటికి ఆనుకునే రేకుల షెడ్డు, నాలుగు మగ్గాలు. కోకిల రెండో మగ్గం దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి, మగ్గం ఆపి, చేతికంటిన నూలు పీచు దులుపుకుంటూ వచ్చింది. చిక్కింది. నేను అలా అనలేదు.

"రండి మేడం."

వాళ్ళమ్మ పొన్నమ్మ మజ్జిగ తెచ్చింది. "ఎవురు మే?"

"కాలేజీ మేడం."

"అక్క, అక్క అని చెప్తా ఉండినావే, ఆ అక్కేనా?"

కోకిల గ్లాసు నా చేతికిచ్చింది. పొన్నమ్మ ఇద్దరి మొహాలూ చూసి లోపలికి పోయింది.

లెటరు కాపీ ఇచ్చాను. నిలబడే చదివింది, రెండు పేరాలూ. మడతల మీదే మడిచింది.

"ఇంగ్లీషు బాగుంది మేడం."

"ఆ స్కూలు..."

"తెలుసు. నేనే ఫోన్ చేసి కనుక్కున్నాను. పరవాలేదు."

త్రాసు గురించి చెప్పాను. పళ్లెం మీద పడే గాలి, పీట, అట్టముక్క. పాఠం చెప్పినట్టే చెప్పాను, వేరే రకంగా నాకు మాట్లాడ్డం రాదు. ఆమె స్టూడెంటులాగే వినింది. అయ్యాక, "ఫిబ్రవరిలో అడిగినాను కదా మేడం నేను" అంది. కోపంగా కూడా కాదు.

"అడిగావు. నోటుబుక్కు అంత శుభ్రంగా ఉంటే నేను... ఒక్క కొట్టివేత కూడా లేదు. రఫ్ ఏమైంది?"

"కాలెండర్ కాగితాల వెనక రాసినాను. దినానికి ఒకటి చింపి, దాని మీదనే. ఫెయిర్ చేసినాక పొయ్యిలో వేసినాను." నా వైపు చూసింది. "గలీజు రికార్డు నా టేబుల్ మీద పెట్టొద్దని ప్రతి ఏడూ ఫస్టియర్ పిల్లలకి చెప్పేది ఎవరు మేడం? ఆ పేజీలు నేనే కదా స్కేలు పెట్టి గీసి చూపిస్తా ఉంటిని వాళ్ళకి. మీ చేతికి ఇచ్చే పుస్తకం అట్లనే ఇస్తాను కదా. రఫ్ యాడ అని ఒక మాట అడిగింటే ఆ పొద్దే చెప్పింటాను."

మజ్జిగ తాగాను. ఏదో ఒకటి చేయాలి కదా.

"తిరుత్తణి మండపంలో ఎగరేశాను. గ్రాము మట్టి అంటించి. మూడుసార్లూ కప్పు దాకా పోయింది."

"మండపంలోనా?" మొదటిసారి ఆమె మొహంలో ఏదో కదిలింది, నవ్వేమో అనుకున్నాను. "ల్యాబ్‌లోనే అంటించి వదిలింటే సరిపోయేది కదా మేడం. రెండు నిమిషాల పని. మార్చిలోనే."

"కప్పు తక్కువని, నేల దగ్గర గాలి..."

"మేడం," అంది. అంతే.

షెడ్డులో మిగతా మూడు మగ్గాలూ ఆడుతూనే ఉన్నాయి.

"నేనేం చెయ్యాలో చెప్పు కోకిలా."

"చెప్తే చేస్తారా? లెటరు స్కూలుకి రాసినారు. నన్ను అన్నది స్కూల్లో కాదు కదా. ఆ ఎనిమిది మందికీ తెలియాల. డిపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టండి. అంకెల మాట మట్టుకే కాదు, ట్రైను మాట కూడా."

"ట్రైను మాట నీకెవరు చెప్పినారు?"

"ఎనిమిది మంది మేడం. ఒకరన్నా చెప్పరా?" లేచింది. "నాలుగున్నర ట్రైను పోతే ఏడుకి మళ్ళా. అమ్మకి అప్పుడు కన్ను ఆపరేషను. మీకు తెలుసు. మీరే చీకటి పడతాదని పంపిస్తా ఉంటిరి."

అవును. నేనే పంపేదాన్ని. "పో, పో, ట్రైను పోతుంది, పెద్దపిల్లని నేను పెట్టెలో పెడతాలే" అని.

ఆగస్టు 5, సోమవారం

ఫస్టు అవర్ ముందే పెట్టాను. తొమ్మిది పది. దాచుకోవడానికి ఇక్కడ కూడా రాస్తున్నాను.

"మార్చి మీటింగులో కోకిల రీడింగుల గురించి నేను, ఇవి కూర్చుని రాసినవి, నాలుగున్నర ట్రైను చూసుకుని పరుగెత్తేవాళ్ళతో రీసెర్చి చేయిస్తే ఇట్లాగే ఉంటుంది, అని అన్నాను. ఆ నలభై రీడింగులూ ఆమె కొలిచినవే. సరైనవి. తప్పు నా కొలతలో ఉంది. ఆమె నాకు ముందే చెప్పింది, నేను వినలేదు. ఆమె ఎందుకు ట్రైనుకు పోయేదో కూడా నాకు తెలుసు. తెలిసే అన్నాను."

చివరి రెండు వాక్యాలూ మూడుసార్లు తుడిచి నాలుగుసార్లు రాశాను.

పదికల్లా అందరూ చూసినారు. ఎవరూ ఏమీ రాయలేదు. పదీ ఇరవైకి శశికుమార్ సార్ ఫోను. "ఏం మేడం ఇది? ఇంకా టైముంది, డిలీట్ చేసేయండి. తలనొప్పి అయితే నేను సెలవిస్తాను."

"తలనొప్పి లేదు సార్."

పదకొండుకు ఎవరో ఇంటర్నల్ మార్కులు రేపటిలోగా ఇవ్వాలని పెట్టినారు. దాని కింద వరసగా ఆరు బొటనవేళ్ళు. నా మెసేజి పైకి జరిగిపోయింది.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఖాళీ. అది ఎప్పుడూ ఖాళీయేనేమో. ఈరోజు చూశాను.

ఆగస్టు 6, మంగళవారం

కోకిలకు చెప్పాలా వద్దా అని రాత్రి నుంచి. చెబితే మెప్పు అడిగినట్టుంటుంది. చెప్పకపోతే ఎగ్గొట్టానని అనుకుంటుంది. చూపించమని ఆమె అడగలేదు. పెట్టమన్నది.

పదకొండున్నర ఇంటర్వెల్‌లో ల్యాబ్ తలుపు వేసుకుని ఫోన్ చేశాను. ఈసారి మొదటి రింగుకే తీసింది. వెనక మగ్గాల చప్పుడు, ఎంత గట్టిగా అంటే నా గొంతు నాకే వినపడలేదు.

"పెట్టాను," అన్నాను. "నిన్న పొద్దున. ట్రైను మాట కూడా."

వినపడిందో లేదో.

"కోకిలా?"

"నూలు తెగింది, ఉండు," అంది.

ఉండండి మేడం అనలేదు, ఉండు అంది. నాతో అన్నదో, పక్క మగ్గం మనిషితో అన్నదో. ఫోను ఎక్కడో రేకు మీద పెట్టినట్టు టక్కుమని శబ్దం. ఆమె మగ్గం ఆగింది. మిగతావి ఆడుతున్నాయి. ఎవరో తమిళంలో ఏదో అన్నారు, ఎవరో నవ్వినారు. నవ్వినది ఆమె కాదు, ఆమె నవ్వు నాకు తెలుసు. కాసేపటికి ఆమె మగ్గం మళ్ళీ మొదలైంది. మొదట మెల్లగా, తర్వాత మిగతావాటితో కలిసిపోయింది. ఏది ఆమెదో ఇక విడదీయలేకపోయాను.

ఫోను మరిచిపోయిందేమో. లైను మాత్రం ఉంది.

బెల్లు కొట్టింది. బయట సెకండియర్ పిల్లలు తలుపు తడుతున్నారు. పదకొండు నిమిషాలయింది, స్క్రీను మీద అంకెలు మారుతూనే ఉన్నాయి. నేను పెట్టేయలేదు. ఫోను చెవి దగ్గరే పట్టుకుని వెళ్ళి తలుపు తీశాను.